కర్నూల్లో మూడ్రోజులు, నంబర్ చెరిగిపోయిన ఇంటి కోసం

మొదటి రోజు, శుక్రవారం

అసలు ప్లాన్ హంపి. క్రిస్మస్ సెలవుల్లో మూడ్రోజులు పోదామని మా ఆయన రూములు కూడా చూసిపెట్టినాడు, మావాడికి ఏడో క్లాసు సోషల్లో విజయనగరం పాఠం ఉంది కాబట్టి వాడికీ హుషారే. అంతా ఓకే అనుకునే టైముకి మా నాయన పేపర్ మడిచి పక్కన పెట్టి "హంపి యాడికి పోతుంది, ఆరొందల ఏళ్ళ నుంచి ఆడే ఉంది గద, నన్నొకసారి కర్నూలు తీసుకపోండి" అన్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, రిటైరైనాక ఫలానా చోటికి పోదాం అని నోరు తెరిచి అడిగింది ఇదే మొదటిసారి. ఇంక హంపి క్యాన్సిల్.

కర్నూల్లో ఏముంది తాతా అని మావాడు మూతి ముడిస్తే "నేను పుట్టిన ఇల్లుంది" అన్నాడు.

ఆ కథ కొంచెం చెప్పాలి. మా జేజినాయన మద్రాసు సెక్రటేరియట్లో గుమాస్తా. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ఫైళ్ళతో పాటు గుమాస్తాల్ని కూడా ఇక్కడికి పంపించినారు, అప్పటికి కర్నూల్లో అంతమంది కూర్చోడానికి బిల్డింగులు యాడివి, ఆఫీసులు గుడారాల్లో నడిపినారు, చానామంది సంసారాలు కూడా గుడారాల్లోనే. తర్వాత ఉద్యోగులకి క్వార్టర్లు లేచినాయి, ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని, ఇప్పటికీ ఊర్లో ఆటోవాళ్ళు అరిచేది ఆ పేర్లే. మా నాయన 1955 ఆగస్టులో అట్లాంటి ఒక క్వార్టర్లోనే పుట్టినాడు, మంత్రసాని చేతుల మీద. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ వచ్చి రాజధాని హైదరాబాద్ పోయేసరికి జేజినాయన ఇంక మూటలు కట్టడం నావల్ల కాదని అనంతపురం కలెక్టరాఫీసుకి మార్పించుకున్నాడు. మా నాయనకి అప్పుడు ఏడాదీ మూడు నెలలు, పుట్టిన ఊరి సంగతి ఒక్కటీ గుర్తులేదు.

ఉన్న ఆధారం ఒకటే, జేజినాయన అనంతపురంలో ఉన్న తన తల్లికి రాసిన ఇన్‌లాండ్ లెటర్. "గుడారములో నుండి క్వార్టరుకు మారితిమి. రెండు గదులు. నాలుగు ఇండ్లకు ఒక కొళాయి. వెనుక వేపమొక్క నాటితిని" అని ఉంటుంది. పైన బి క్యాంపు, కర్నూలు, మార్చి 1954. ఇంటి నంబర్ కూడా రాసినాడు పాపం, కానీ అది సరిగ్గా మడత మీద పడి ఇన్నేళ్ళలో అరిగి అరిగి చిల్లు పడింది. ఏడో, ఒకటో, ఒక గీత మాత్రం కనపడుతుంది.

మా పెద్దత్త ఉంది, మా నాయనకి అక్క, బెంగళూర్లో కొడుకు దగ్గర ఉంటుంది. ఆమె మద్రాసులో పుట్టింది, కర్నూల్లో ఒకటో క్లాసులో చేరింది, ఫోన్ కొట్టి అడిగితే ఐదు నిమిషాల పని. కానీ ఒక పొలం గట్టు విషయంలో అక్కాతమ్ముళ్ళకి నాలుగేళ్ళుగా మాటల్లేవు, ఆ సంగతి ఎత్తితే మా నాయన టీవీ సౌండు పెంచుతాడు.

పొద్దున ఆరున్నరకి కారు తీసినాం. గడియార స్తంభం దాటేటప్పుడు మా నాయన మనవడికి లెక్క చెప్పినాడు, ఎనిమిది పలకలు ఆగస్టుకి, పదిహేనడుగుల వెడల్పు తేదీకి, నలభై ఏడడుగుల ఎత్తు సంవత్సరానికి, స్వాతంత్ర్యం వచ్చిన తేదీ మొత్తం ఆ స్తంభంలోనే ఉందంట. నేను రోజూ దాని పక్క నుంచే స్కూటీ మీద బడికి పోతాను, పిల్లలకి లెక్కలు చెప్పే టీచర్ని, ఒక్కరోజు ఆ పలకలు లెక్కపెట్టిన పాపాన పోలేదు.

గుత్తిలో ఉగ్గాని, బజ్జీ. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, బొరుగులు నీళ్ళలో తడిపి పిండి పోపేసి పుట్నాల పొడి చల్లేదే ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే దానికి విలువ లేదు. తిని కోట దగ్గరికి పోయినాం. కొండ మూడొందల మీటర్ల ఎత్తు, మా నాయన మోకాళ్ళకి అది అయ్యే పని కాదు, మొదటి దర్వాజా దాటి నీడ దొరికిన కాడ ఆగినాం. మురారిరావు ఘోర్పడే అనే మరాఠా సర్దారుది ఒకప్పుడు ఈ కోట, హైదరాలీ చుట్టుముట్టి ఎక్కలేక కాచుకొని కూర్చున్నాడు, పైన నీళ్ళు అయిపోయినాయి, 1776లో కోట లొంగింది. కొండ నిండా బావులు తవ్వుకున్న కోట కూడా నీళ్ళు లేకనే పోయింది, అనంతపురం వాళ్ళకి ఈ కథ వేరే చెప్పబళ్ళేదు.

కింద తెల్లదొరల సమాధులున్నాయి. మన్రోని మొదట పూడ్చింది గుత్తిలోనే. 1800లో నిజాం ఈ జిల్లాలన్నీ కంపెనీకి ఇచ్చేసినాక అనంతపురంలో కాపురముండి ఏడేళ్ళు శిస్తులు కట్టించిన కలెక్టర్ ఆయన, తర్వాత మద్రాసు గవర్నరైనాడు, 1827 జూలైలో ఇటువైపు వచ్చి పత్తికొండలో కలరా తగిలి చచ్చిపోయినాడు. నాలుగేళ్ళ తర్వాత ఎముకలు తవ్వి తీసి మద్రాసు కోటలో చర్చికి తీసుకపోయినారు. "చచ్చిపోయినాక కూడా ట్రాన్స్‌ఫరా తాతా?" అన్నాడు మావాడు. మా నాయన రెవిన్యూలో ముప్పై ఆరేళ్ళు చేసిన మనిషి, "గవర్నమెంటు సర్వీసంటే అంతేరా" అన్నాడు.

డోన్ మీదుగా కర్నూలు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రూము సి క్యాంపు సెంటర్ దగ్గర దొరికింది, రైతు బజార్‌కి నడిచిపోయేంత దూరం. మా ఆయన కిటికీ తెరిచి గాలి బాగుంది మామా అంటే మా నాయన తలెత్తి కూడా చూడలేదు, "ఇది సి క్యాంపు. మనకు కావాల్సింది బి" అని దుప్పటి కప్పుకొని పడుకున్నాడు.

సాయంత్రం జగన్నాథగట్టుకి పోయినాం. ఊరి బయట గుట్ట, ట్రిపుల్ ఐటీ వచ్చినాక రోడ్డు బాగుంది. పైన రూపాల సంగమేశ్వర గుడి. ఈ గుడి కట్టింది ఇక్కడ కాదు, ఇది సంగమేశ్వరం దగ్గర ఉండేది, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునుగుతుందని రాళ్ళు విప్పి తెచ్చి గట్టు మీద మళ్ళీ పేర్చినారు. అసలు సంగమేశ్వరంలో వేపచెక్క లింగం ఉన్న గుడి మాత్రం అక్కడే ఉండిపోయింది, ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్ళ కిందే, ఎండాకాలం నీళ్ళు తగ్గితే బయటపడుతుంది, అప్పుడు జనం పడవలేసుకొని పోతారు. గుడిని విప్పినప్పుడు ఏ రాయి ఎక్కడిదో ఎట్లా తెలుస్తుందని మావాడు అడిగితే నంబర్లేస్తారు అని చెప్పినాను. "రాళ్ళకి ఉంటాయి గానీ తాత ఇంటికి నంబర్ లేదు" అన్నాడు వాడు, నేను గిల్లినాను, మా నాయన వినపడనట్టే నిలబడినాడు. పొద్దు గుంకేదాకా కర్నూలు ఊరంతా కింద కనపడుతుంటే బి క్యాంపు ఏ పక్కన అని ముగ్గుర్ని అడిగినాడు, ముగ్గురూ మూడు దిక్కులు చూపించినారు.

రెండో రోజు, శనివారం

పొద్దున్నే బి క్యాంపుకే పోదామని మా నాయన రెడీ, తెల్లచొక్కా ఇస్త్రీ, జేబులో ప్లాస్టిక్ కవర్లో లెటర్. చల్లగా ఉన్నప్పుడే పాతూరు తిరిగేసి మధ్యాహ్నం తీరిగ్గా ఇల్లు వెతుకుదాం అని నేను, చివరికి మనవడు బురుజు చూడల్లని గునిసినందుకు ఒప్పుకున్నాడు. పాతూరు సందుల్లో కారు పట్టదని ఆటో మాట్లాడుకున్నాం, పూటకి ఎనిమిది వందలు. డ్రైవరన్న పాతూరు మనిషే, మేము దిగేదాకా నోరు మూస్తే ఒట్టు, కానీ ఆయన లేకపోతే సగం సంగతులు తెలిసేవి కావు.

కొండారెడ్డి బురుజు. బేకరీ బోర్డు మీద, పెళ్ళి పత్రిక మీద, ఎక్కడ చూసినా కర్నూలంటే ఇదే బొమ్మ, సినిమావాళ్ళు వచ్చినాక ఇంకా ఫేమస్ అయింది. విజయనగరం అచ్యుతదేవరాయలు పదహారో శతాబ్దంలో కట్టించిన కోటలో మిగిలిన ముక్క ఇది, కోట గోడలు పోయి ఊరు మొలిచింది, బురుజు మాత్రం ట్రాఫిక్ మధ్యలో నిలబడింది. మావాడు దిగంగానే "ఇంతేనా?" అన్నాడు. నిజమే, స్క్రీన్ మీద చూసి వచ్చినోళ్ళకి మొదట అట్లే అనిపిస్తుంది. ఎక్కితే వేరే, మెట్లు ఇరుకు, రాయి చల్లగా, పైకి పోయేకొద్దీ హారన్ల మోత తగ్గిపోతుంది, పైన నిలబడితే అంతసేపూ చెవుల్లో ఉన్న రొదకి ఒక్కసారి మూత పెట్టినట్టు ఉంటుంది. ఊరి అవతల నది ఉండే దిక్కున మసక.

కొండారెడ్డి ఎవరంటే, అలంపురాన్ని ఏలిన రాజని, ఆయన్ని పట్టుకొచ్చి ఈ బురుజులో ఖైదు చేస్తే సొరంగం తవ్వుకొని తప్పించుకున్నాడని జనం చెప్పుకుంటారు. ఆ సొరంగం నది కింద నుంచి పోతుందని మన డ్రైవరన్న, గద్వాల దాకా అంట, ప్రమాణం చేసి చెప్తాడు. తుంగభద్ర కింద సొరంగం తవ్వగలిగినోడు ముందు దొరికేవాడే కాదు కదన్నా అని మా ఆయన. డ్రైవరన్నకి అది నచ్చలేదు, తర్వాతి అరగంట మా ఆయనకి ఏ సంగతీ చెప్పలేదు, నాకే చెప్పినాడు.

నాకు సొరంగం కంటే 1839 కథ గట్టిది అనిపిస్తుంది. అప్పుడు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్, పఠాన్ నవాబుల్లో చివరాయన. కోటలో ఆయుధాలు కూడబెడుతున్నాడని కంపెనీకి ఉప్పందింది, దండు వచ్చి వెతికితే ఫిరంగులు కుప్పలుగా బయటపడినాయి, అంతఃపురం తోటల్లో దాచినవి కూడా. అక్టోబర్లో జొహరాపురం దగ్గర కొట్లాట, నవాబు దొరికిపోయినాడు, తిరుచిరాపల్లికి పంపినారు, మరుసటేడు అక్కడే ఒక నౌకరు చేతిలో చచ్చిపోయినాడు. జొహరాపురం ఇప్పుడు హంద్రి పక్కన మామూలు పేట, ఇళ్ళు, చికెన్ సెంటర్లు, ట్యూషన్ బోర్డులు. ఆ కొట్లాటకి బోర్డు ఏదైనా ఉందేమోనని చూసినాను, నాకైతే కనపడలేదు.

ఎర్రబురుజు దగ్గర పది నిమిషాలే. కింద ఎల్లమ్మ గుళ్ళు, ఎవరో ఆమె పసుపు నీళ్ళు చల్లుతూ మమ్మల్ని చూసి "అట్లా నిలబడితే ఎట్లా, దండం పెట్టుకోండి" అని గదమాయించింది, పెట్టుకున్నాం.

తర్వాత నది. తుంగభద్రలో డిసెంబర్ నీళ్ళు, మరీ నిండుగా కాదు, రాళ్ళు తేలి మధ్యలో పాయలు. ఇక్కడే మా నాయన మొదటిసారి ఉత్సాహంగా నోరు విప్పినాడు. అలంపురం గుళ్ళు కట్టేటప్పుడు రాళ్ళ బండ్లు ఈ ఒడ్డున ఆగేవంట, నది దాటే ముందు ఇరుసులకి కందెన పూసుకునేవాళ్ళంట, అందుకని ఈ రేవు కందెనవోలు, అదే కందనవోలై కర్నూలైందని. "అంటే ఇది సర్వీసింగ్ సెంటర్ ఊరు" అన్నాడు మావాడు. ఆ మాట మా నాయనకి ఎంత నచ్చిందంటే సాయంత్రం లోపల నలుగురికి చెప్పినాడు, తనే అన్నట్టు.

డ్రైవరన్న నది దగ్గర మాత్రం నవ్వలేదు. 2009 అక్టోబర్ 2, తుంగభద్ర, హంద్రి రెండూ ఒకేసారి పొంగి ఊర్లోకి వచ్చిన రోజు. "నీళ్ళొస్తున్నాయంటే మోకాళ్ళ దాకా వస్తాయేమో అనుకున్యామక్కా, బియ్యం మూటలు మంచం మీద పెట్టినాము, అదీ మా తెలివి" అన్నాడు. వాళ్ళు మిద్దెపైకి పోయి రెండు రాత్రులు ఉన్నారంట, కింద మంచం, బియ్యం, టీవీ, పెళ్ళి ఫోటోలు అన్నీ బురద. దిగినాక ఇల్లు కడగడానికి నీళ్ళు లేవంట. "ఊరంతా మునిగినాక నీళ్ళ ట్యాంకర్ కోసం లైన్లో నిలబడినాము" అని చెయ్యి ఎత్తి ఒక గోడ మీద చూపించినాడు, నా తల పైన ఇంకో మనిషి నిలబడేంత ఎత్తు.

గోల్ గుమ్మజ్ హంద్రి ఒడ్డున. బిజాపూర్ సుల్తానుల తరఫున కర్నూలు ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి, 1618 నాటిది. బిజాపూర్లో ఉండే పెద్ద గుమ్మటం ఇంకా తర్వాతది, అంటే ఈ గుమ్మటమే అన్న, అది తమ్ముడు, సైజులో మాత్రం తమ్ముడు ఎదిగిపోయినాడు. చుట్టూ వరండా లాగా కమాన్లు, లోపల పావురాలు, ఇద్దరు కాలేజీ పిల్లోళ్ళు పుస్తకాలు పెట్టుకొని గ్రూప్స్‌కి చదువుతున్నారు. అబ్దుల్ వహాబ్ ఎవరు అని అడిగితే ఒకడు తల గోక్కున్నాడు, రెండోవాడు "సిలబస్‌లో లేడు మేడం" అన్నాడు. ఈ ఊర్లో నేను చూసిన వాటిల్లో నాకు బాగా నచ్చింది ఇదే, బురుజు కంటే, ఎవరైనా కొట్టినా సరే.

కేసీ కాలవ గురించి ఆగింది మా ఆయన కోసం, ఆయన ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్. 1863 నుంచి 1870 దాకా ఒక ప్రైవేటు ఇంగ్లీషు కంపెనీ తవ్విన కాలవ, కర్నూలు నుంచి కడప దాకా 306 కిలోమీటర్లు, పొలాలకి నీళ్ళతో పాటు పడవలు నడిపి డబ్బులు చేసుకుందామనేది వాళ్ళ లెక్క, లెక్క తప్పింది, 1882లో గవర్నమెంటు కొనేసింది. ఊర్లో ఈ కాలవ హంద్రిని పైనుంచి దాటుతుంది, ఏటి మీద ఏరు. మా ఆయన రైలింగ్ పట్టుకొని అట్లా చూస్తా నిలబడిపోయినాడు, నాకైతే ప్లాస్టిక్ కవర్లే ఎక్కువ కనపడినాయి, ఆ మాట అనలేదు.

మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు తిని (మా నాయనకి పప్పు, రసం) రెండున్నరకి బి క్యాంపు.

ఏమనుకున్నానో నాకే తెలీదు. గేటు, బోర్డు, వరసగా ఇళ్ళు అట్లా ఏదో. అదొక మామూలు కాలనీ, కొత్త బిల్డింగులు, మధ్యమధ్యలో పాత క్వార్టర్లు, కొన్నిట్లో మనుషులున్నారు, కొన్నిటికి తలుపులు కూడా లేవు, గోడల్లోంచి రావిమొక్కలు. మా నాయన లెటర్ తీసి చేతిలో పట్టుకొని ఒక్కో ఇంటి ముందు నిలబడతాడు, గదులెన్ని, వెనక చెట్టుందా, కొళాయి ఎక్కడ. వేపచెట్లు మాత్రం ఉన్నాయి, సమస్య ఏందంటే ప్రతి ఇంటి వెనకా ఉన్నాయి. అప్పుడు వచ్చినోళ్ళంతా వేపమొక్కలే నాటినట్టున్నారు, ఇంకేం బతుకుతుంది ఈ ఎండలకి.

ఒక ఇంటి ముందు పెద్దాయన కుర్చీ వేసుకొని కూర్చున్నాడు, రిటైర్డ్ హెడ్మాస్టరంట, మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇప్పించినాడు. ఇంక ఇద్దరు ముసలాళ్ళకి మాటలు దొరికినాయి. నెహ్రూ వచ్చి రాష్ట్రాన్ని ప్రారంభించిన రోజు, ప్రకాశం పంతులు మంత్రివర్గం పదమూడు నెలలకే ఒక్క ఓటుతో పడిపోయింది, ఇట్లా, ఇద్దరూ చూసినవి కాదు, విన్నవే. శ్రీబాగ్ దగ్గరికి వచ్చేసరికి గొంతులు లేచినాయి. 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కూర్చొని రాసుకున్న ఒప్పందం, రాజధాని గానీ హైకోర్టు గానీ సీమకి అని. రాజధాని వచ్చింది మూడేళ్ళు, హైకోర్టు గుంటూర్లో పెట్టినారు, తర్వాత రెండూ హైదరాబాద్. మొన్న 2020లో న్యాయ రాజధాని అని చట్టం చేసినారు, మరుసటేడే వెనక్కి తీసుకున్నారు. "మనకు ఇచ్చేటప్పుడు ఎప్పుడూ గుడారంలోనే ఇస్తారు సార్" అన్నాడు హెడ్మాస్టర్, మా నాయన గట్టిగా తొడ మీద కొట్టుకున్నాడు, టీ ఒలికింది.

నాకు తట్టింది అప్పుడే, రెండ్రోజులుగా చూసినవాటిల్లో చానావాటికి కాపలా మనిషో బోర్డో ఉంది, రాజులకీ నవాబులకీ. రాష్ట్రం మొత్తం నడిచిన మూడేళ్ళకి మాత్రం ఆనవాలు ఈ ఆటోవాళ్ళ నోట్లో పేర్లే, ఎ, బి, సి.

నంబర్ల సంగతి అడిగితే పాత నంబర్లు ఎప్పుడో మారిపోయినాయని చెప్పినాడు ఆయన. ఏడు అయ్యుండొచ్చా అని మా నాయన, అప్పటి ఏడు ఇప్పుడు ఏదో ఎవరికి తెలుసు సార్ అని ఆయన. అత్తకి ఫోన్ చేద్దామా నాయనా అన్నాను మెల్లిగా. "ఎవర్నీ అడగబళ్ళేదు" అన్నాడు. చివరికి సాయంత్రం ఐదుకి ఒక ఖాళీ క్వార్టర్ ముందు ఆగినాడు, రెండు గదులు, వెనక పెద్ద వేపచెట్టు, మూలన విరిగిన కొళాయి దిమ్మె. "ఇదే అనుకుందాం" అన్నాడు. ఫోటో తీస్తే చొక్కా సర్దుకొని నిలబడినాడు, రెండో ఫోటో వద్దన్నాడు. దిమ్మె దగ్గర పడున్న వేపపుల్ల ఒకటి తీసి లెటర్ ఉన్న కవర్లోనే పెట్టుకున్నాడు.

వచ్చేటప్పుడు పుల్లారెడ్డి షాపులో నేతి మిఠాయి కొన్నాం, ఆ పేరు 1948లో ఈ ఊర్లోనే మొదలైంది గద, ఇక్కడ కొనకపోతే ఎట్లా. రాత్రి సి క్యాంపు సెంటర్లో బండి మీద దోశ, పక్కన ఎవరిదో పాత కాంపౌండ్ గోడ మీంచి రోడ్డు మీదికి వంగిన వేపచెట్టు, దాని కిందే స్టూళ్ళు. చట్నీలో వేపాకు పడిందని మా నాయన బండాయన్ని పది నిమిషాలు తిట్టినాడు.

మూడో రోజు, ఆదివారం

అలంపురం. బ్రిడ్జి మీద తుంగభద్ర దాటితే తెలంగాణ. నేను పుట్టినప్పుడు అవతల హైదరాబాద్ స్టేట్, మధ్యలో అంతా ఒకటి, ఇప్పుడు మళ్ళీ వేరే, నది మాత్రం అదే అని మా నాయన. నిద్ర బాగా పట్టినట్టుంది, హుషారుగా ఉన్నాడు.

నవబ్రహ్మ గుళ్ళు ఏడో శతాబ్దంలో బాదామి చాళుక్యులు కట్టినవి. పేరు బ్రహ్మ, లోపలుండేది శివుడు: తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. శిఖరాలు మన గోపురాల మాదిరి మెట్లు మెట్లుగా ఉండవు, ఒడిశా గుళ్ళ లాగా వంపు తిరిగి లేస్తాయి, పైన ఉసిరికాయ ఆకారంలో గాడులున్న రాయి. స్వర్గబ్రహ్మ గుడి గోడల దగ్గర ఎంత సేపున్నా తనివి తీరలేదు, నేను బొమ్మలు చూస్తుంటే ఫోన్లో చార్జింగ్ అయిపోయింది, మంచిదే అయింది.

ఇక్కడా అదే కథ. జోగులాంబ పాత గుడి పద్నాలుగో శతాబ్దంలో బహమనీల దండయాత్రలో పోయింది, అమ్మవారు ఆరొందల ఏళ్ళు బాలబ్రహ్మ గుడిలో సర్దుకొని ఉన్నారు, కొత్త గుడి 2005లో అయింది. కూడవెల్లి సంగమేశ్వరం గుడి శ్రీశైలం నీళ్ళ దెబ్బకి అలంపురానికి వచ్చేసింది. పాపనాశి గుళ్ళూ అంతే, ఎత్తైన చోటికి మార్చినారు. మావాడు నోట్‌బుక్కులో లిస్టు రాస్తున్నాడు, సంక్రాంతి తర్వాత స్కూల్లో చూపించాలంట, పైన హెడ్డింగ్ "ట్రాన్స్‌ఫర్లు". ఒకటి మన్రో ఎముకలు, రెండు జగన్నాథగట్టు గుడి, మూడు రాజధాని, నాలుగు జోగులాంబ, ఐదు కూడవెల్లి. ఆరోది జేజితాత అని రాసి కొట్టేసినాడు, జేజితాత అంటే మిస్ ఎవరని అడుగుతుందంట.

అమ్మవారి దర్శనానికి ఆదివారం లైను, గంటన్నర, వేరే చెప్పేదేం లేదు. పులిహోర తిని మూడింటికి వెనక్కి తిరిగినాం.

కర్నూలు దాటినాక మావాడు వెనక సీట్లో ఆ లెటర్ తీసి చూస్తున్నాడు. చూసి చూసి, "అమ్మా, ఇది మార్చి 1954. తాత పుట్టింది 1955 ఆగస్టు కదా" అన్నాడు. అవును, అయితే ఏంది అన్నాను. "మధ్యలో ఇల్లు మారలేదని గ్యారంటీ ఏంది?" లెక్కల టీచర్ని, ఈ ఉత్తరం చిన్నప్పటి నుంచి వందసార్లు చూసినాను. కార్లో ఎవరూ మాట్లాడలేదు. మా నాయన ముందు సీట్లో కిటికీ లోంచి బయటికి చూస్తున్నాడు, చెవులు మాత్రం ఎర్రబడినాయి.

నేను అడగలేదు, పెద్దత్తకి కలిపి స్పీకర్ పెట్టేసినాను. ఏమే పాపా ఎట్లున్నావు అంది. కర్నూలు పోయొస్తున్నాం అత్తా, నాయన పుట్టిన ఇల్లు చూద్దామని బి క్యాంపుకి పోయినాం అన్నాను. అవతల కాసేపు ఏం లేదు, టీవీలో ఏదో సీరియల్ సౌండు, తర్వాత నవ్వు.

"బి క్యాంపు ఏందే, అది ముందుండేది, కప్పు కారతా ఉండ్య. వాడు కడుపులో ఉండంగానే సి క్యాంపుకు మారిపోతిమి. రోడ్డు పక్కన మూలిల్లు. నాయన వేపమొక్కను తవ్వి తీసి డబ్బాలో పెట్టుకొచ్చి మళ్ళీ ఆడ నాటె, నేను నీళ్ళు పోసేదాన్ని." మళ్ళీ కాసేపాగి, "వాడు పక్కనుండాడా?" అంది.

నేను ఫోన్ ముందుకి పెట్టినాను. మా నాయన గొంతు సవరించుకున్నాడు, రెండుసార్లు.

"ఉండాను కా" అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "డోన్ వచ్చేసిందా అల్లుడూ?"

"ఇంకా లేదు మామా."

"యూటర్న్ యాడుందో చూడు."